డిస్కులో హద్దురాళ్లు
ఒకే కంప్యూటరులో పలు లినక్సు వ్యవస్థలు నిలిచిన చరిత్ర

శ్రీకాకుళము జిల్లా సముద్రతీరమున కవిటి పరిసర ప్రాంతమును ఉద్దానమని పిలుతురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ఆ నేల పెట్టినది పేరు. అచ్చట ఒక తోటను అన్నదమ్ములు పంచుకొనవలసి వచ్చినపుడు నూతిని, దారిని ఉమ్మడిగా నుంచి, మిగిలిన నేలకు హద్దులు నిర్ణయింతురు. రాళ్లు పాతి, కొలతలను రికార్డునకు ఎక్కింతురు. రాయి తప్పినచోట తగవు పుట్టును. కంప్యూటరు డిస్కును పలు వ్యవస్థలకు పంచుటయు ఇట్టి పనియే. అయితే ఇచ్చట రాయి తప్పినచో తగవుతో పోదు; పొరుగువాని తోటయే మాయమగును.

నాలుగే వాటాలు

అయస్కాంతపు పూతగల పళ్లెములపై సమాచారమును భద్రపరచు తొలి డిస్కు యంత్రమును ఐ.బి.ఎం. సంస్థ 1956లో వెలువరించెను. అందు 24 అంగుళముల పళ్లెములు 50 ఉండెడివి. అంత యంత్రమునను నిలిచినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. ఇంటిలోను, చిన్న కార్యాలయములోను ఉంచుకొనదగిన కంప్యూటరునకు హార్డు డిస్కు జతపడుట సామాన్యమగుటకు పాతికయేండ్లకు పైగా పట్టినది.

1983లో అదే సంస్థ విడుదల చేసిన ఎక్స్‌టీ అను కంప్యూటరులో 10 మెగాబైట్ల డిస్కు ఉండెను. ఒకే డిస్కుపై వేర్వేరు నిర్వహణ వ్యవస్థలు, అనగా ఆపరేటింగు సిస్టములు, కలహింపక నిలుచుటకై దాని రూపకర్తలు ఒక పట్టికను ఏర్పరచిరి. డిస్కులోని మొదటి గదికి 512 బైట్ల చోటున్నది. అందు 446 బైట్లు కంప్యూటరును మేల్కొలుపు చిన్న ప్రోగ్రామునకు, 64 బైట్లు పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తునకు కేటాయించిరి. ఒక్కొక్క విభాగపు ఆరంభమును, పరిమాణమును వ్రాయుటకు 16 బైట్లు కావలెను. కనుక 64 బైట్లలో నాలుగు విభాగముల వివరములే పట్టును.

10 మెగాబైట్ల డిస్కునకు నాలుగు వాటాలు ఎక్కువే. కాని డిస్కులు పెరిగినవి, పట్టిక పెరగలేదు. 1986, 1987 సంవత్సరములలో డాస్ వ్యవస్థ కొత్త ప్రతులు ఒక ఉపాయము తెచ్చినవి. నాలుగు వాటాలలో ఒకదానిని విస్తృత విభాగముగా జేసి, దానిలోపల మరికొన్ని ఉపవిభాగములు కోయుటయే ఆ ఉపాయము. సర్వే నంబరునకు ఉపనంబరులు వేయుట వంటిదే ఇది.

ఒక పొరపాటు, ఒక వ్యవస్థ

1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ తన కంప్యూటరులో మినిక్సు అను బోధనావ్యవస్థను స్థాపించి, దాని ఆధారముతో తన సొంత వ్యవస్థను నిర్మించుచుండెను. ఒకనాడు టెలిఫోను ద్వారా విశ్వవిద్యాలయపు కంప్యూటరును పిలువబోయి, మోడెము పేరునకు బదులు డిస్కు విభాగపు పేరు వ్రాసెను. డయలు చేయవలసిన ఆజ్ఞలు మినిక్సు ఉన్న విభాగముపై పడి, దానిని చెడగొట్టినవి. మినిక్సును తిరిగి స్థాపించుటయా, సొంత వ్యవస్థతోనే సాగుటయా అను ప్రశ్న వచ్చెను. ఆయన రెండవదానినే ఎంచుకొనెను. ఆ వ్యవస్థయే లినక్సు. ఒక్క పేరు తప్పు వ్రాసిన ఒక విభాగము పోవునని ఆ సృష్టికర్తయే అనుభవముతో తెలిసికొనెను.

లినక్సును ఎవరైనను తీసికొని మార్చవచ్చును. కనుక శాఖలు త్వరలోనే పుట్టినవి. 1993లో స్లాక్‌వేర్, డెబియన్, 2004లో ఉబుంటు వెలువడినవి. భారతీయ భాషలకు అనువుగా సీ-డాక్ సంస్థ సిద్ధపరచిన బాస్ వ్యవస్థ 2007లో వచ్చెను. హైదరాబాదున స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో లినక్సు వ్యవస్థను రూపొందించెను. ఒక కంప్యూటరు మాత్రమేయున్న విద్యార్థికి వీనిలో రెండు మూడింటిని పక్కపక్కన ఉంచి పరీక్షింపవలెనను కోరిక సహజము. ఏ వ్యవస్థను మేల్కొలుపవలెనో అడుగు ద్వారపాలకులును అందుకే పుట్టినవి: 1992లో లిలో, 1995లో గ్రబ్.

కొత్త రికార్డు

పాతపట్టిక గదులను 32 బిట్ల సంఖ్యతో లెక్కించును. 512 బైట్ల గదులైనచో సుమారు 2 టెరాబైట్లకు పైబడిన చోటును అది చూపలేదు. అందుచే జీపీటీ అను కొత్త పట్టిక వాడుకకు వచ్చినది. ఇందు సామాన్యముగా 128 విభాగములకు చోటుండును. పట్టిక ప్రతి యొకటి డిస్కు మొదటను, మరియొకటి చివరను ఉండును. తప్పు దొర్లినచో పట్టుకొను సరిచూపు సంఖ్యయు కలదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపానుకు ఉద్దానపు కొబ్బరిచెట్లు విరివిగా కూలినవి. చెట్టు కూలినను తోట కొలతలు రికార్డులో నిలుచును. జీపీటీలోని రెండవ ప్రతి చేయు మేలు అట్టిదే: హద్దులు మాత్రము నిలుచును, పంటను కాపాడుట దాని పని కాదు.

ముందు కాగితము, పిమ్మట డిస్కు

కొబ్బరి మొక్కను నాటునాడే 25 అడుగుల ఎడము చూడవలెను. చెట్టైన పిమ్మట జరుపుట సాధ్యము కాదు. విభాగమును తరువాత జరుపవచ్చును గాని అది కాలము పట్టు పని, ప్రమాదముతో కూడినది. నడుమ కరెంటు పోయిన సమాచారము చెడవచ్చును.

500 గిగాబైట్ల డిస్కుపై మూడు లినక్సులు స్థాపింపదలచినచో ఇట్లు పంచవచ్చును. మేల్కొలుపు ఫైళ్లకు 1, జ్ఞాపకశక్తికి తోడుగా స్వాపు విభాగమునకు 8, ఒక్కొక్క వ్యవస్థకు 50 చొప్పున 150, ఉమ్మడి పత్రములకు 241, రాబోవు అవసరమునకు ఖాళీగా 100. మొత్తము 500. మొదటి రెండును ఉమ్మడి నూయి, దారి వంటివి. అయితే ఒక వ్యవస్థ తన స్థితిని స్వాపులో దాచి నిద్రించునపుడు మరియొకదానిని లేపరాదు. లేపినచో దాచినది చెరిగిపోవచ్చును.

వాడుకరి సొంత ఫైళ్ల ఇంటిని, అనగా హోం విభాగమును, మూడింటికిని ఒకటిగా చేయుట ఆకర్షణీయముగా తోచును. కాని ప్రోగ్రాముల అమరికలును అందే ఉండును. కొత్త ప్రతి మార్చిన అమరికను పాత ప్రతి చదువలేక తికమకపడును. కనుక ఇండ్లు వేరుగా నుంచి, పత్రములు, చిత్రములు, పాటలు మాత్రము ఉమ్మడి విభాగమున ఉంచుట మేలు. వాడుకరి సంఖ్యను మూడింట ఒకటే ఉంచినచో, ఒకరి ఫైళ్లు మరియొకరివిగా కనబడు చిక్కు తప్పును.

అన్నిటికంటె ముందు చేయవలసినది, విలువైన ఫైళ్లను వేరొక డిస్కుపైకి ఎక్కించుట. పిమ్మట ప్రతి విభాగపు పేరును, పరిమాణమును కాగితముపై వ్రాసికొని, స్థాపకప్రోగ్రాము చూపు పట్టికతో సరిపోల్చవలెను. రెండును ఒకటే అని తేలిన తరువాతనే సమ్మతి మీట నొక్కవలెను. టోర్వాల్డ్స్ పొరపాటు వలన లోకమునకు లినక్సు దక్కినది. అందరి పొరపాట్లకును అట్టి ఫలము రాదు.