పొత్తిగుడ్డ మొదలు డైపరు వఱకు

పుట్టిన బిడ్డకు క్రొత్తబట్ట కట్టరాదనియు, ఇంటి పెద్దముత్తైదువ కట్టి విడిచిన నూలుచీరనో తాతగారి పాతపంచెనో చింపి ఆ ముక్కలనే పొత్తిగుడ్డలుగా వాడవలెననియు తెలుగునాట చిరకాలముగా నడచిన ఆచారమునందు బిడ్డ ఆయుష్షును గూర్చిన నమ్మిక యొకటి యుండుట నిజమే యైనను, దాని వెనుక అనుభవముచేత పండిన వస్త్రజ్ఞానము కూడ కలదు. పలుమాఱు ఉతికి యెండవేసిన నూలుబట్ట గంజి వీడి, పోగు విప్పారి, తడిని వెంటనే పీల్చుకొనును. క్రొత్తబట్టకు ఆ గుణము లేదు, పైగా పసిచర్మమును ఒరయును. ఆ ముక్కలలో కొన్ని ముక్కోణముగా మడచి నడుమునకు కట్టు గోచులయ్యెడివి. కొన్ని బొంతపైని పఱచు ఉచ్చగుడ్డలయ్యెడివి. వానకాలమున అవి యాఱనప్పుడు నిప్పుల కుంపటిపై వెదురుబుట్టను బోర్లించి, నిప్పులపైని చిటికెడు సాంబ్రాణి చల్లి, ఆ బుట్టమీద గుడ్డలు పఱచెడివారు. తేమతోపాటు ముక్కవాసన కూడ పోయెడిది. బిడ్డకు మూడు నాలుగు మాసములు నిండిన పిమ్మట అమ్మమ్మయో నాయనమ్మయో కాళ్ళు చాచి కూర్చుండి, రెండు పాదముల నడుమ బిడ్డను కుదురుగా నిలిపి, నిద్ర లేచిన వెంటనే యొకమాఱు, పాలు త్రాగిన కొంతసేపటికి మఱియొకమాఱు, నోటితో సన్నగా ‘స్‌స్’ మని శబ్దము చేయుచు అలవాటు పఱచెడిది. ఏడాది నిండునప్పటికే పగటిపూట గోచి యక్కఱలేని బిడ్డలు ఆనాడు అనేకులుండిరి.

ఈ పద్ధతి యంతయు ఒక్క యాధారముపై నిలిచినది: ఎల్లవేళల బిడ్డను కనిపెట్టియుండు చేతులు ఇంట నుండవలెను, తడిసిన గుడ్డలను ఉతుకు చేతులు ఇంటనో ఇరుగుననో దొరకవలెను. పురిటి దినములలో చాకలి స్త్రీ వచ్చి మైలగుడ్డలను మూటగట్టుకొని పోయి చెఱువున ఉతికి తెచ్చెడిది. ఆమెకు ముట్టెడిది కొన్ని కుంచముల ధాన్యము, ఒక పాతచీర. పురుడు వెళ్ళిన పిమ్మట ఆ పని బాలెంతరాలి తల్లిపైని, అత్తపైని, పనిమనిషిపైని పడెడిది. గుడ్డ గొప్పతనమును కొనియాడు రచనలలో ఈ చేతుల ప్రస్తావన కానరాకపోవుట నాకు మిక్కిలి కష్టము కలిగించును. గుడ్డను విడిచి డైపరు నెన్నుకొనుట సోమరితనమని నిందించువారును, అది నాగరికత యని పొగడువారును ఒక సంగతిని విస్మరించుచున్నారు. పలు దేశముల చరిత్ర చూచినచో, ఉతుకు చేతులు ఇంటినుండి తొలగిన కాలముననే పాఱవేయు గుడ్డ యింట నడుగుపెట్టినది.

వాడి పాఱవేయుట యంత్రయుగమునకే చెందిన వింత యనుకొనుటయు పొరపాటు. ఉత్తర అమెరికాలోని క్రీ, ఒజిబ్వే మొదలగు ఆదివాసులు ఎండిన స్ఫాగ్నమ్ నాచును బిడ్డ మూటలో క్రింద నింపి, తడిసినంతట దానిని తీసివేసి క్రొత్తనాచు పెట్టెడివారు. అడవినుండి వచ్చినది అడవిలోనే కలిసిపోయెడిది. ఐరోపాలోనో, బిడ్డను మెడమొదలు పాదముల వఱకు పట్టీలతో బిగించి చుట్టు ఆచారము శతాబ్దులకొలది సాగెను. ఆ కట్టు విప్పి మరల కట్టుట ప్రయాస గనుక, దాదులు బిడ్డను గంటలతరబడి ఆ తడిలోనే యుంచెడివారు. 1748లో ఆంగ్లవైద్యుడు విలియం కాడోగన్ శిశుపోషణమును గూర్చి వ్రాసిన వ్యాసమునందును, 1762లో రూసో తన ‘ఎమీల్’ గ్రంథమునందును ఈ బిగింపును ఖండించిరి. పట్టీలు క్రమముగా తొలగిపోగా, నడుమునకు మాత్రమే మడచి కట్టు చదరపుగుడ్డ మిగిలెను. దానిని నిలిపి యుంచుటకు 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ పేటెంటు పొందిన పిన్నీసు తోడయ్యెను. ఆ హక్కును అతడు 400 డాలర్లకే అమ్ముకొనెను. తరువాతి నూఱేండ్లును గుడ్డ, పిన్నీసు, పైని రబ్బరుచెడ్డీ: పాశ్చాత్య శిశువుల వేషము ఇంతే.

రెండవ ప్రపంచయుద్ధము ఈ స్థితిని కదలించెను. స్వీడనులో ప్రత్తికి కఱవు వచ్చెను గాని అడవులకును కాగితపు మిల్లులకును కొఱత లేకుండెను. అక్కడి పౌలిస్ట్రోమ్ మిల్లువారు యుద్ధకాలముననే సెల్యులోజు పొరలను దొంతరగా పేర్చి, రబ్బరుచెడ్డీలో నిమిడ్చి వాడుటకు మెత్తలను సిద్ధము చేసిరి. ఇంగ్లండు, అమెరికాలలో యుద్ధము ముగిసిన వెంటనే ఇద్దఱు తల్లులు, ఒకరి నొకరెఱుగకయే, ఈ పనికి పూనుకొనిరి. వారి కథను కొంచెము నిదానముగా చెప్పుట న్యాయము.

వాలెరీ హంటర్ గార్డన్ ఒక సైనికాధికారి భార్య. 1947లో మూడవ బిడ్డ కలిగినప్పుడు, చలిదేశపు తడిగాలిలో ఆఱని గుడ్డలను ఉతుకుటతో విసిగి, భర్త పనిచేయు స్థావరమునుండి తెచ్చిన పాత పారాచూటు నైలానును కత్తిరించి, కుట్టుమిషనుపై ఒక చిన్న చెడ్డీ కుట్టెను. పిన్నీసులు లేవు, ఒత్తుడు బొత్తాములు మాత్రమే. లోపల దూది కప్పిన సెల్యులోజు మెత్త. తడిసినచో మెత్తను పాఱవేసి, చెడ్డీని తుడిచి మరల వాడవచ్చును. సాటి సైనికాధికారుల భార్యలు అడుగగా వంటింటి బల్లపైననే నాలుగు వందలకు పైగా కుట్టి యిచ్చెను. తండ్రి ఫెరాంటి విద్యుత్పరికరముల సంస్థకు అధ్యక్షుడు; ఆయన తోడ్పాటుతో చెస్టర్‌ఫీల్డు పట్టణపు రాబిన్సన్ సంస్థవారు 1949లో ‘పాడీ’ యను పేర దానిని తయారుచేయసాగిరి. అమెరికాలో మేరియన్ డోనోవన్ 1946లో స్నానశాల తెఱను కోసి, తడి బయటికి పోనీయని కవచమును కుట్టెను. 1949లో న్యూయార్కులోని సాక్స్ దుకాణమున అది అమ్మకమునకు వచ్చెను. 1951లో పేటెంటు లభించినంతట దాని హక్కును ఆమె పది లక్షల డాలర్లకు అమ్మివేసెను. ఆ పిమ్మట పూర్తిగా కాగితముతోనే, వాడి పాఱవేయదగిన డైపరు చేయుదమని ఆమె కాగితపు కంపెనీల చుట్టు తిరిగినప్పుడు, అక్కడి యధికారులు దాని అవసరమును గుర్తింపలేకపోయిరి. గుడ్డ ఉతుకని వారికి ఆ అవసరము తోచకపోవుటలో ఆశ్చర్యము లేదు. వారి చేతులకు తెలియని శ్రమను వారి లెక్కలు చూపలేవు.

ఆ అవసరము పురుషుల కచేరీలలో గుర్తింపబడుటకు ఒక తాతగారు కావలసివచ్చెను. ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థలో రసాయనిక యింజనీరుగా నుండిన విక్టర్ మిల్స్, మనుమల గుడ్డలు మార్చు పని తన పాలబడిన యనుభవముతో, 1957లో ఆ సంస్థ కొన్న చార్మిన్ కాగితపు మిల్లును ఈ ప్రయోజనమునకు వాడవచ్చునని తలచి, తన బృందమును ఈ పనికి నియోగించెను. మొదటి నమూనాను డాలస్ నగరమున పరీక్షించిరి. వేసవి తాపమున ఆ ప్లాస్టిక్కు చెడ్డీలోపల బిడ్డలకు చెమటకాయలు పుట్టగా, తల్లులు దానిని నిరాకరించిరి. మన యెండలెఱిగిన వారికి ఆ తల్లుల తీర్పు వెంటనే బోధపడును. తిరిగి రూపొందించిన 37,000 డైపర్లను చేతితో కూర్చి 1959లో రోచెస్టరులో పంచిపెట్టిరి. పలువురు మెచ్చుకొనిరి. 1961 డిసెంబరులో ఇల్లినాయ్ రాష్ట్రపు పియోరియా పట్టణమున ‘పాంపర్స్’ అను పేర విపణిలో పెట్టినప్పుడు అది మరల విఫలమయ్యెను. ఈమాఱు దోషము వస్తువుది కాదు, ధరది. ఒక్కొక్కటి పది సెంట్లు. చలువకంపెనీవారు ఉతికి తెచ్చి యిచ్చు గుడ్డకు అంతకంటె చాల తక్కువయే పట్టుచుండగా ఏ గృహిణి కొనును? యంత్రములను త్వరితపఱచి, ధరను ఆఱు సెంట్ల ప్రాంతమునకు దింపిన తరువాతనే అమెరికా తల్లులు గుడ్డను విడిచిరి. అదే దశకమున అక్కడి స్త్రీలు అసంఖ్యాకముగా ఉద్యోగములలో చేరుచుండుట ఇచ్చట స్మరింపదగినది.

అప్పటి డైపరు లావుగా నుండెడిది. లోపల నున్నది చెట్టుగుజ్జు. అది తడిని పీల్చును గాని, బిడ్డ దానిపై కూర్చున్నంతనే నొక్కుడుచేత మరల విడిచిపెట్టును. ఈ లోపమును తీర్చిన పదార్థముయొక్క చరిత్రలో మఱియొక పాత్ర అదే పియోరియాది. యుద్ధకాలమున పెనిసిలినును విస్తారముగా పండించు విధానము నెలకొల్పిన వ్యవసాయశాఖవారి పరిశోధనశాల ఆ యూరనే కలదు. అక్కడి రసాయన శాస్త్రజ్ఞులు 1970 దశకపు తొలినాళ్ళలో మొక్కజొన్న పిండికి ఎక్రిలోనైట్రైలును అంటించి, తన బరువునకు వందలరెట్లు నీటిని త్రాగు పదార్థమును సాధించిరి. వారి తలంపు పొలములకును విత్తనములకును తేమ నిలుపుటయే. అంతకు ముందే, 1966లో, ఇట్టి పదార్థములను మెత్తలలో వాడుటను గూర్చి అమెరికాలోనే పేటెంటు దరఖాస్తులు పడియుండెను. కాలక్రమమున పిండి తొలగి, సోడియం పాలీఎక్రిలేటు అను తెల్లని రవ్వ దాని స్థానము నాక్రమించెను. ఈ రవ్వలోని దీర్ఘములైన అణుశృంఖలలు వలవలె అల్లుకొని, సోడియమును తమయందు బంధించియుండుటచేత, నీరు లోనికి చొచ్చి, రవ్వ జిగురుముద్దయై ఉబ్బును, ఒత్తినను విడువదు. మూత్రమునందలి లవణములు ఆ యాకర్షణను తగ్గించుటచేత అది వందలరెట్లు కాక ముప్పది రెట్ల ప్రాంతమునకే త్రాగును గాని, బిడ్డ రాత్రికి అది చాలును. 1980 దశకపు ప్రథమార్ధమున జపాను తయారీదార్లు ముందుగా దీనిని డైపర్లలో నింపిరి; అమెరికాలో ఆ దశకపు నడుమ అది సామాన్యమయ్యెను. డైపరు పలుచనయ్యెను, బిడ్డ ఒడలు పొడిగ నుండెను, తల్లి రాత్రి నిద్రపోగలిగెను. ఈ కడపటి లాభమును తక్కువ చేసి మాటలాడు హక్కు ఏ విమర్శకునికిని లేదని నా నిశ్చయము.

భారతదేశమున ఈ వస్తువు ఆలస్యముగా వ్యాపించెను. ఆర్థిక సంస్కరణముల పిమ్మట, 1994లో హిందూస్థాన్ లీవరుతో కింబర్లీ క్లార్కు ఏర్పఱచుకొనిన ఉమ్మడిసంస్థ ‘హగ్గీస్’ను ఇచ్చటికి తెచ్చెను, చాలకాలము అది ప్రయాణములకును పెండ్లిండ్లకును మాత్రమే కొనబడు ఖరీదైన సరుకుగ నుండెను. చెడ్డీవలె కాళ్ళగుండ తొడుగు రకము వచ్చి, రెండేసి మూడేసి చొప్పున చిన్న పొట్లములు పల్లెటూరి కిరాణా కొట్లకు చేరిన తరువాత పరిస్థితి మాఱినది. ఈనాడు జపానుదేశపు యూనిచార్మ్ సంస్థ ‘మామీపోకో’ డైపర్లను మన శ్రీసిటీలోని కర్మాగారముననే తయారుచేయుచున్నది. ఉద్యోగమునకై హైదరాబాదు వచ్చి, రెండుగదుల ఫ్లాటులో, ట్యాంకరునీటితో, అత్తయు అమ్మయు ఊరిలోనుండగా బిడ్డను పెంచు దంపతులు డైపరు నెన్నుకొనుట విలాసమని నేననలేను. చెఱువులేదు, పెరడులేదు, చాకలి స్త్రీ కుమార్తె చదువుకొని వేఱు వృత్తిలో కుదురుకొన్నది. ఆమె ఆ మూటను తిరిగి మోయవలెనని ఎవరును కోరరాదు. అమెరికాలో కుమార్తె పురుటికి పోవు తల్లులు ఇప్పటికిని పెట్టెలో మెత్తని పాతపంచె ముక్కలను సర్దుకొనుట నేనెఱుగుదును. అక్కడ నాలుగువారములు గడచునప్పటికి అవి భుజముపైని పాలు తుడుచుటకు మిగిలి, డైపరే నిలుచును.

గుడ్డ మేలా, డైపరు మేలా యను వివాదము 1990 ప్రాంతమున అమెరికాలో తీవ్రమయ్యెను. డైపరు కంపెనీ ధనముతో జరిగిన లెక్క డైపరును, చలువకంపెనీల సంఘము ధనముతో జరిగిన లెక్క గుడ్డను గెలిపించెను. ఇట్టి పక్షపాతము లేనిది బ్రిటను ప్రభుత్వపు పర్యావరణసంస్థ 2005లో వెలువరించి 2008లో సవరించిన పరిశీలనము. రెండున్నర సంవత్సరములలో ఒక్క బిడ్డకు డైపర్లవలన సుమారు 550 కిలోల, గుడ్డలవలన సుమారు 570 కిలోల కర్బనవాయు భారము కలుగునని అది తేల్చెను. అయితే గుడ్డల లెక్క ఉతుకు తీరును బట్టి మాఱును: వేడినీరు, ఆఱబెట్టు యంత్రము వాడినచో భారము పెరుగును, యంత్రము నిండుగ వేసి, బయట గాలికి ఆఱవేసి, రెండవ బిడ్డకును అవే వాడినచో 40 శాతము తగ్గును. చన్నీట ఉతికి యెండలో ఆఱవేయు తెలుగింటికి ఈ లెక్క గుడ్డ పక్షముననే పలుకునని నేను తలంతును. అందుచేతనే పగలు గుడ్డ, రాత్రియు ప్రయాణమునను డైపరు అను మధ్యమార్గము మన యిండ్లలో ఎవరును బోధింపకయే స్థిరపడుచున్నది. నాకును అదియే యుచితముగ తోచును.

ఆ లెక్కలకందని విషయ మొకటి మిగిలియున్నది. వాడిన డైపరు ఇల్లు దాటిన తరువాత దానిని విప్పునది ఎవరు? చెత్తను వేఱుచేయు స్త్రీలు, అధికముగ దళితస్త్రీలు, ప్లాస్టిక్కును కాగితమును ఏఱుకొనుటకు సంచిని విప్పగా, అందు మలము నిండిన డైపరు చేతికి తగులును. పూర్వము చాకలి స్త్రీ మోసిన మూట ఈమె చేతికి మాఱినది. ఆమెకు బిడ్డ పేరైనను తెలిసెడిది, ఈమెకు ఇల్లు కూడ తెలియదు. 2013లో పుణె నగరపు చెత్త యేఱు స్త్రీల సహకారసంఘమువారు, వాడి పాఱవేసిన శానిటరీ నాప్కిన్లను సంచులలో కట్టి తయారీసంస్థలకే తిరిగి పంపిరి. 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు డైపర్లను కూడ ఈ తెగలో చేర్చి, సరుకుతోపాటు చుట్టుటకు సంచినో కాగితమునో తయారీదార్లే యీయవలెననియు, వాడినవారు చుట్టియే పాఱవేయవలెననియు శాసించెను. తొడుగు రకపు డైపర్లకు వెనుక అంటుపట్టీ యుండుట దీనికే: మలమును మరుగుదొడ్డిలో దులిపి, డైపరును లోనికి చుట్టి, ఆ పట్టీతో బిగించి, వార్తాపత్రికలో పొట్లముగట్టి, పైని ఎఱ్ఱసిరాతో చుక్క పెట్టి, తడిచెత్తలో కలుపక విడిగా చెత్త యేఱు స్త్రీ చేతికీయవలెను. ఎఱ్ఱచుక్క చూచినచో ఆమె ఆ పొట్లమును విప్పదు.