టపాకి తేదీ ఎక్కడిది?

రేల్ డార్న్‌ఫెస్ట్ రాసిన బ్లాసమ్ 2000ల మొదట్లో వచ్చింది. బ్లాగు నడపడానికి పనికొచ్చే, ఒక్క ఫైలులో ఇమిడిపోయే పెర్ల్ ప్రోగ్రాం. డేటాబేసు లేదు. ఫోల్డరులో ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెడితే అదే టపా. మొదటి పంక్తి శీర్షిక, మిగిలినది విషయం, ఫోల్డరు పేరే వర్గం. ఈ జాతి పనిముట్లలో నాకు ఇప్పటికీ అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

2001లోనే బెన్, మీనా ట్రాట్ దంపతుల మూవబుల్ టైప్ హెచ్‌టిఎమ్ఎల్ పేజీలను ముందుగా తయారుచేసి సర్వర్లో ఉంచేది. చదివేవాళ్లకు పేజీ చప్పున తెరుచుకునేది. కానీ రాసిందంతా డేటాబేసులో ఉండేది. బ్లాసమ్‌తో మన రాత మన ఫోల్డరులోనే ఉండిపోయింది. ప్రోగ్రాం పోయినా ఫైలు తెరిచి చదువుకోవచ్చు. నాకు ఇంతకంటే పెద్ద సుగుణం కనబడదు.

చిక్కంతా తేదీతో వచ్చింది. ఫైలును చివరిసారి ఎప్పుడు మార్చారో చూసి బ్లాసమ్ దాన్నే టపా తేదీ అనుకునేది. పాత వ్యాసంలో ఒక అచ్చుతప్పు దిద్దితే చాలు, అది ఇవాళే రాసినట్టు అన్నిటికన్నా పైకి వచ్చేది. తేదీలు పోకుండా ఫైళ్లను ఇంకో కంప్యూటరుకు చేర్చడమూ కష్టమే. దాంతో వాడేవాళ్లు అసలు తేదీని గుర్తుంచుకునే ప్లగిన్లు రాసుకున్నారు.

ఇలా మామూలు టెక్స్ట్ ఫైలులో రాయడానికి తగిన పద్ధతిగా 2004లో జాన్ గ్రూబర్, ఆరన్ స్వార్ట్జ్ సాయంతో, మార్క్‌డౌన్ తెచ్చాడు. ఈమెయిళ్లలో జనం అప్పటికే వాడుతున్న చుక్కగుర్తులూ గీతలే అందులో వ్యాకరణం. హెచ్‌టిఎమ్ఎల్‌గా మార్చకముందే రాత చదవడానికి వీలుగా ఉండాలన్నది గ్రూబర్ పట్టుదల.

తేదీ చిక్కుకు 2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ రూబీలో రాసిన జెకిల్ తేలికైన దారి చూపింది. తేదీని ఫైలు పేరులోనే రాయమంది: ఏడాది, నెల, రోజు, తర్వాత టపా పేరు. ఎన్నిసార్లు దిద్దినా, ఎక్కడికి కాపీ చేసినా పేరు మారదు. శీర్షికలాంటి వివరాలు ఫైలు పైభాగంలో, మూడేసి అడ్డగీతల నడుమ ఉంటాయి.

టెక్స్ట్ ఫైళ్ల నుంచి బ్లాగు పేజీలు తయారుచేసే ఒక చిన్న జనరేటరు సొంతంగా రాసుకున్నప్పుడు ఈ పద్ధతే పాటించాను. అయితే టపా పేరు తెలుగులో ఉంటే ఇంకో సంగతి చూసుకోవాలి. నేను వాడిన ప్రోగ్రామింగు భాషలో అక్షరాలను గుర్తించే నియమం గుణింతపు గుర్తులనూ పొల్లునూ అక్షరాలుగా లెక్కించదు. ఆ నియమంతో టపా పేరు నుంచి వెబ్ చిరునామా తయారుచేస్తే ‘తెలుగు’ కాస్తా ‘తలగ’ అవుతుంది, ‘అమ్మ’ ‘అమమ’ అవుతుంది. అందుకని యూనికోడులో తెలుగుకు కేటాయించిన 128 స్థానాలనూ చేర్చి ఆ నియమాన్ని నేనే తిరగరాసుకున్నాను.