ఇన్యూట్ శిలాశిల్పి ఒసుయిటోక్ ఇపీలీ: జీవితం, కృషి

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఇరవయ్యో శతాబ్దపు మధ్యభాగంలో ఇన్యూట్ శిల్పకళ విస్తరించడానికి దారితీసిన పరిస్థితులను వివరించగలుగుతారు.
• ఒసుయిటోక్ ఇపీలీ కృషిని అంచనా వేయగలుగుతారు.
• ఒకే వ్యక్తి కథనాన్ని చారిత్రక ఆధారంగా ఎలా వాడుకోవాలో చర్చించగలుగుతారు.

1.1 పరిచయం

కెనడా ఉత్తరాన, బాఫిన్ దీవి నైరుతి కొసను ఆనుకుని కేప్ డోర్సెట్ అనే చిన్న ఊరు ఉంది. 2020 నుంచి దాని అధికారిక నామం కిన్‌గైట్. అక్కడి ప్రజలను ఒకప్పుడు బయటివారు ఎస్కిమోలు అనేవారు. వారు తమను తాము ఇన్యూట్ అని చెప్పుకుంటారు. వారి భాషలో ఆ మాటకు 'ప్రజలు' అని అర్థం.

ఇన్యూట్ శిల్పం గురించి రెండు అభిప్రాయాలు తరచుగా వినిపిస్తాయి. అది వేల ఏళ్లుగా మార్పు లేకుండా వస్తున్న ప్రాచీన కళ అని కొందరు అంటారు. తెల్లవారు వచ్చి నేర్పిన, అమ్మకం కోసం పుట్టిన సరుకు అని మరికొందరు అంటారు. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకోవడానికి ఒక మనిషి జీవితాన్ని దగ్గరగా పరిశీలిద్దాం. ఆయన ఒసుయిటోక్ ఇపీలీ (1923-2005).

1.2 వేట శిబిరం నుంచి

ఒసుయిటోక్ కేప్ డోర్సెట్ ప్రాంతంలోని ఒక వేట శిబిరంలో పుట్టాడు. సీల్, వాల్రస్, కారిబూ అనే దుప్పిజాతి జంతువు: వీటి వేటే అక్కడి కుటుంబాల బతుకుతెరువు. వేటగాడికి కావలసిన పనిముట్లు అతడే చేసుకోవాలి. ఈటె మొనకు దంతం చెక్కాలి. దీపానికి రాయి తొలవాలి. సీల్ కొవ్వుతో వెలిగే ఆ రాతిదీపమే చలికాలపు ఇంటికి వెలుగు, వెచ్చదనం కూడా. దాన్ని మెత్తని సబ్బురాయితో చేసేవారు. చిన్నప్పుడు మీరు పలక మీద రాసిన బలపం కూడా ఆ జాతి రాయే. అంటే రాయిని, దంతాన్ని మలచడం ఇన్యూట్‌లకు ఎవరో కొత్తగా నేర్పిన విద్య కాదని గమనించండి.

అమ్మకం కూడా కొత్త కాదు. తిమింగలాల వేటకు వచ్చిన ఓడలవారికి, మతప్రచారకులకు వాల్రస్ దంతంతో చేసిన చిన్న బొమ్మలు ఇచ్చి సరుకులు తీసుకునే అలవాటు ముందునుంచే ఉంది. హడ్సన్స్ బే కంపెనీ 1913లో కేప్ డోర్సెట్‌లో వర్తక కేంద్రం తెరిచింది. అప్పటి నుంచి అక్కడి కుటుంబాలు తెల్లనక్క తోళ్ల ధరపై ఆధారపడసాగాయి. తుపాకీ, తూటాలు, టీ, పిండి అన్నీ తోళ్లకు బదులుగానే వచ్చేవి. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఆ ధర పడిపోయింది. అదే కాలంలో క్షయవ్యాధి వ్యాపించింది. ఎందరినో ఓడల్లో దక్షిణాది ఆసుపత్రులకు తరలించారు. శిల్పాలకు గిరాకీ ఏర్పడింది ఇటువంటి కష్టకాలంలోనే.

1.3 మార్కెట్ రాక

జేమ్స్ హ్యూస్టన్ అనే కెనడా చిత్రకారుడు 1948లో హడ్సన్ అఖాతం తూర్పు తీరంలోని ఇనుక్జువాక్‌కు వెళ్లి కొన్ని చిన్న శిల్పాలు తెచ్చాడు. 1949లో మాంట్రియల్‌లో కెనడా హస్తకళల సంఘం ఏర్పాటు చేసిన అమ్మకంలో శిల్పాలన్నీ మూడు రోజుల్లోనే అమ్ముడుపోయాయి. నక్కతోళ్లకు బదులు మరో ఆదాయం దొరికిందని ప్రభుత్వం కూడా ప్రోత్సాహం ఇచ్చింది. హ్యూస్టన్ 1951లో కేప్ డోర్సెట్‌కు వచ్చేనాటికే ఒసుయిటోక్ దంతం చెక్కడంలో పేరున్నవాడు. కాబట్టి హ్యూస్టన్ అతడిని శిల్పిగా తయారుచేశాడనడం సరికాదు. అతడి నైపుణ్యానికి కొత్త కొనుగోలుదారులను చూపించాడనడం సమంజసం.

దక్షిణాది కొనుగోలుదారులు పెద్ద శిల్పాలు కోరారు. దాంతో దంతం స్థానంలో రాయి ముందుకు వచ్చింది. కేప్ డోర్సెట్ శిల్పులు సబ్బురాయి కంటే గట్టిదైన ఆకుపచ్చని సర్పెంటైన్ రాయిని వాడారు. దాన్ని దూరపు తీరాలలో తవ్వి, సముద్రపు మంచు కరిగే వేసవిలో పడవల్లో తెచ్చుకునేవారు. గొడ్డలితో మోటుగా చెక్కి, ఆకురాయితో అరగదీసి నునుపు చేసేవారు.

గట్టిరాయి వల్ల సన్నని పని సాధ్యమైంది. ఒసుయిటోక్ ఆ అవకాశాన్ని చివరిదాకా వాడుకున్నాడు. అతడి కారిబూ బరువైన దేహంతో సన్నని కాళ్లపై నిలబడుతుంది. పక్షి ఒంటికాలిపైనే తూకం తప్పకుండా నిలుస్తుంది. కొంచెం పొరపాటు జరిగినా నెలల శ్రమ విరిగిపోతుంది. జంతువు నిలబడే తీరు, మెడ తిప్పే తీరు ఏళ్ల తరబడి గమనించిన వేటగాడి కన్ను ఆ పనిలో కనిపిస్తుంది.

1.4 రాజదండం

1955లో కెనడా వాయవ్య భూభాగాల పాలనా మండలి కోసం ఒక రాజదండం తయారైంది. ఒసుయిటోక్ నాయకత్వంలో కేప్ డోర్సెట్ కళాకారులు దాన్ని చేశారు. నార్వాల్ అనే తిమింగల జాతి జంతువు దంతం, తిమింగలం ఎముక, కస్తూరి ఎద్దు కొమ్ము, రాగి, బంగారం అందులో వాడారు. 1956లో గవర్నర్ జనరల్ విన్సెంట్ మాసీ దాన్ని మండలికి బహూకరించాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ మండలిలో అప్పుడు ఒక్క ఇన్యూట్ సభ్యుడు కూడా లేడు. మొదటి ఇన్యూట్ సభ్యుడు 1965లో నియమితుడయ్యాడు. ఎన్నికైన మొదటి సభ్యుడు 1966లో వచ్చాడు. తమకు చోటు లేని సభకు అధికార చిహ్నాన్ని తమ చేతులతో చేసి ఇచ్చారన్నమాట. కళకు దక్కిన గౌరవం, ప్రజలకు దక్కని హక్కు రెండూ ఒకే వస్తువులో కనిపిస్తాయి.

1.5 సిగరెట్ పెట్టె కథ: ఆధారాన్ని ఎలా చదవాలి?

1957 చలికాలంలో ఒసుయిటోక్ రెండు సిగరెట్ పెట్టెలపై ఉన్న నావికుడి బొమ్మలను పోల్చి చూశాడట. ప్రతి పెట్టెపై అదే బొమ్మ గీయడం ఎవరికైనా విసుగు పుట్టిస్తుంది కదా అన్నాడట. ముద్రణ గురించి చెప్పడానికి హ్యూస్టన్ ఒసుయిటోక్ చెక్కిన దంతానికే మసి రాసి, పల్చని కాగితం అద్ది చూపించాడు. కేప్ డోర్సెట్ ముద్రణకళకు ఇదే ఆరంభమని చెబుతారు. 1959లో వెలువడిన తొలి ముద్రణల సంపుటిలో ఒసుయిటోక్ రూపొందించిన గుడ్లగూబ, నక్క, కుందేలు కథ కూడా ఉంది.

ఈ కథ చెప్పింది హ్యూస్టన్. అందులో చూపించేవాడు హ్యూస్టన్, ఆశ్చర్యపోయేవాడు ఇన్యూట్. అయినా అదే కథను మరోలా చదవండి. మొదట ప్రశ్న అడిగింది ఒసుయిటోక్. అద్దిన బొమ్మ అతడు చెక్కినదే. చెప్పినవారి దృష్టిని గుర్తించి, కథలోని వాస్తవాన్ని వేరుచేయడమే చరిత్ర విద్యార్థి పని.

1.6 సహకార సంఘం, గుర్తింపు

1958లో కెనడా ప్రభుత్వం నకిలీ బొమ్మల నుంచి రక్షణగా ఇగ్లూ ముద్ర ఉన్న చీటీని ప్రవేశపెట్టింది. 1959లో కేప్ డోర్సెట్‌లో వెస్ట్ బాఫిన్ ఎస్కిమో సహకార సంఘం ఏర్పడింది. శిల్పాల కొనుగోలు, అమ్మకం క్రమంగా ఊరివారి సంస్థ చేతికి వచ్చాయి. ఒసుయిటోక్ మాత్రం ముద్రణల కంటే శిల్పానికే ఎక్కువ అంకితమయ్యాడు. 1973లో రాయల్ కెనడియన్ అకాడమీ ఆఫ్ ఆర్ట్స్ అతడిని సభ్యుడిగా ఎన్నుకుంది.

1.7 సారాంశం

ఇన్యూట్ శిల్పం మార్పు లేని ప్రాచీన కళా కాదు, బయటివారి సృష్టీ కాదు. చేతిపని పాతది, మార్కెట్ కొత్తది. తోళ్ల వ్యాపారం కూలినప్పుడు ఒసుయిటోక్ తరం తమకు తెలిసిన పనినే ఆసరాగా చేసుకుని నిలబడింది. 1999లో నూనావుట్ ప్రత్యేక భూభాగంగా ఏర్పడినప్పుడు అతడు ఇంకా జీవించే ఉన్నాడు. ఇన్యూట్‌లు అధిక సంఖ్యలో ఉన్న శాసనసభను అతడు కళ్లారా చూడగలిగాడు.

1.8 మాదిరి ప్రశ్నలు

1. తెల్లనక్క తోళ్ల ధర పతనానికి, శిల్పకళ విస్తరణకు గల సంబంధాన్ని వివరించండి.
2. 1955 నాటి రాజదండం ఏ వైరుధ్యాన్ని తెలుపుతుంది?
3. సిగరెట్ పెట్టె కథను చారిత్రక ఆధారంగా విమర్శనాత్మకంగా పరిశీలించండి.