ప్రతిబింబ డిస్కులపై బహుళ బూటు

ఒకే కంప్యూటరులో రెండు లేక అంతకంటే ఎక్కువ ఆపరేటింగు సిస్టములను స్థాపించి, కంప్యూటరును ఆన్ చేసినపుడు వాటిలో ఒకదానిని ఎంచుకొనే ఏర్పాటును బహుళ బూటు అంటారు. ఒకే సమాచారాన్ని రెండు హార్డుడిస్కులపై వ్రాస్తూ, ఒకటి చెడిపోయినా రెండవదానితో పని సాగేలా చేసే పద్ధతిని డిస్కు ప్రతిబింబం లేక రెయిడ్ 1 అంటారు. ఈ రెండింటినీ కలపడం సాధ్యమే. అయితే ప్రతిబింబం సంగతి తెలియని ఆపరేటింగు సిస్టము ఒక డిస్కుపై మాత్రమే వ్రాసినచో రెండు ప్రతులూ వేరుపడి సమాచారం పాడవుతుంది. డిస్కుల విభజనలో ముఖ్యంగా చూసుకోవలసినది ఈ ప్రమాదాన్నే.

నేపథ్యం

రెయిడ్ అనే పేరు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో ప్రచురించిన పరిశోధనా పత్రం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అందులో వర్ణించిన ఐదు స్థాయిలలో మొదటిది ప్రతిబింబం. ఈ పద్ధతిలో 500 గిగాబైట్ల డిస్కులు రెండు వాడితే దక్కే చోటు 500 గిగాబైట్లు మాత్రమే.

తెలుగునాట బహుళ బూటు అవసరానికి ప్రత్యేక కారణాలున్నాయి. ముద్రణ రంగంలో విస్తృతంగా వాడిన అను ఫాంట్లు యూనికోడుకు ముందరి పద్ధతికి చెందినవి. వాటిని పేజిమేకరు వంటి సాఫ్టువేరుతో విండోసులో వాడేవారు. మరోవైపు ఇంజనీరింగు, పాలిటెక్నిక్ విద్యార్థులకు లినక్సు అవసరమవుతుంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు మెనూలతో ఒక లినక్సు పంపిణీని కూడా రూపొందించింది.

బూట్‌లోడరు

గుంటూరు సమీపంలోని నల్లపాడు జంక్షను వద్ద రైలుమార్గం చీలి, ఒకటి గుంతకల్లు వైపు, మరొకటి నడికుడి మీదుగా పగిడిపల్లి వైపు వెళ్తుంది. బండి ఏ దారిన పోవాలో అక్కడి పాయింట్లు నిర్ణయిస్తాయి. కంప్యూటరులో ఆ పని చేసేది బూట్‌లోడరు. లినక్సులో సాధారణంగా గ్రబ్ అనే బూట్‌లోడరును వాడతారు. దీనిని మొదటి డిస్కుపై మాత్రమే స్థాపించి, ఆ డిస్కే చెడిపోతే, రెండవ డిస్కులో సమాచారం భద్రంగా ఉన్నా కంప్యూటరు బూటు కాదు. కాబట్టి గ్రబ్‌ను రెండు డిస్కులపైనా స్థాపించాలి. యూఈఎఫ్ఐ కంప్యూటర్లలో ఒక్కొక్క డిస్కుపై ఒక్కొక్క ఈఎఫ్ఐ విభాగాన్ని ఏర్పరచి, రెండింటిలోనూ బూట్‌లోడరును ఉంచడం మేలు.

విభజన

లినక్సు కెర్నెలులోని ఎండీ అనే భాగం మొత్తం డిస్కులను కాక, విడివిడి విభాగాలను కూడా జతపరచగలదు. అందువల్ల ఒకే డిస్కుల జతపై కొన్ని విభాగాలను ప్రతిబింబాలుగాను, కొన్నింటిని విడిగాను ఉంచవచ్చు. విండోసు ఈ జతలను గుర్తించలేదు. విండోసు సొంత ప్రతిబింబ పద్ధతికి డిస్కును డైనమిక్ డిస్కుగా మార్చవలసి ఉంటుంది. అలా మార్చినచో అదే డిస్కుపైనున్న ఇతర ఆపరేటింగు సిస్టములు బూటు కాకపోవచ్చు.

సాధారణంగా అనుసరించే క్రమం ఇది:

1. ఉన్న సమాచారాన్నంతా వేరొక డిస్కుపైకి నకలు చేయాలి.
2. విండోసును ముందుగా, ప్రతిబింబం లేని విభాగంలో స్థాపించాలి. తరువాత స్థాపిస్తే అది బూట్‌లోడరును మార్చివేయవచ్చు.
3. మిగిలిన చోటులో రెండు డిస్కులపైనా సమాన పరిమాణం గల విభాగాలు చేసి జతపరచాలి.
4. ఒక్కొక్క లినక్సు పంపిణీకి ఒక్కొక్క జతను, వాడుకరి ఫైళ్ళకు మరొక జతను కేటాయించాలి.
5. కంప్యూటరును ఆపి, ఒక డిస్కు కేబులు తీసి, రెండవదానితో బూటు అవుతున్నదో లేదో చూడాలి. తరువాత అదే విధంగా మరొక డిస్కును పరీక్షించాలి.

ప్రమాదాలు

ఎండీ తన వివరాలను విభాగం చివర వ్రాసే పద్ధతిలో (1.0 రకం) ప్రతిబింబంలోని ప్రతి సగమూ మామూలు విభాగంలాగే కనిపిస్తుంది. బూటు చేయడానికి ఇది అనుకూలమే గాని, ఇతర సిస్టములు పొరపాటున దానిపై వ్రాసే అవకాశముంది. మొదటి భాగంలో వ్రాసే 1.2 రకంలో ఆ అవకాశం తక్కువ. రెండు ప్రతులూ వేరుపడితే తనిఖీలో తేడా బయటపడుతుంది గాని, ఏ ప్రతి సరియైనదో ఎండీకి తెలియదు.

ఒక సిస్టమును హైబర్నేట్ చేసి, మరొకదానిని బూటు చేసి, ఉమ్మడి విభాగంలో వ్రాయడం కూడా ప్రమాదకరం. విండోసులోని ఫాస్ట్ స్టార్టప్ కూడా పాక్షికంగా ఇటువంటిదే కనుక దానిని ఆపివేయాలి.

ప్రతిబింబం బ్యాకప్పుకు ప్రత్యామ్నాయం కాదు. పొరపాటున చెరిపిన ఫైలు రెండు డిస్కులలోనూ చెరిగిపోతుంది. వైరసు, దొంగతనం, అగ్నిప్రమాదం నుండి ఇది రక్షించదు. డిస్కు చెడిపోయిన రోజున పని ఆగకుండా చూడడమే దీని ప్రయోజనం. ముఖ్యమైన ఫైళ్ళ నకలు కంప్యూటరుకు వెలుపల వేరే చోట ఉండవలసిందే.