ఒకే ఉపగ్రహం, రెండు భాషలు: బిలాస్‌పూర్‌లో తెర చరిత్ర

పాత చలనచిత్రాల అభిమానులు చరిత్రను సాధారణంగా తారల పేర్లతోనూ, స్టూడియోల పేర్లతోనూ గుర్తుంచుకుంటారు. మద్రాసు, బొంబాయి, కలకత్తా ఆ చరిత్రకు కేంద్రాలు. అయితే భారతీయ తెర చరిత్రలోని కొన్ని ముఖ్య ఘట్టాలు ఆ మహానగరాలకు దూరంగా, పల్లెల్లోనూ, రైలు మార్గాల వెంబడి వెలసిన పట్టణాల పరిసరాల్లోనూ జరిగాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ప్రాంతం అందుకు మంచి ఉదాహరణ.

బిలాస్‌పూర్ కూడలి నుండి హౌరాకు పోయే దారిలో, పట్టణాన్ని ఆనుకొని లాల్‌ఖదాన్ ఉంది. ఎర్రని గని అని ఆ పేరుకు అర్థం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891లో ఈ మీదుగా ఆసన్‌సోల్ వరకు ప్రధాన మార్గాన్ని తెరిచింది. తూర్పు కోస్తా రైలు మార్గంలోని ఉత్తర భాగం 1902లో అదే సంస్థలో చేరింది. 1931లో రాయపూర్, విజయనగరం మధ్య మార్గం పూర్తయింది. ఈ విధంగా ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ ఒకే రైల్వే సంస్థ వారధి అయింది. ఉద్యోగాలకై వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ రైల్వే పట్టణాలలో స్థిరపడి, ఇంట తెలుగు, బయట హిందీ మాట్లాడుతూ తరాలు గడిపాయి.

ఈ రెండు భాషల ప్రాంతాలు 1975లో మరొక విధంగా ఒక్కటయ్యాయి. అమెరికా ప్రయోగించిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని భారతదేశానికి ప్రసారాలు అందేలా తూర్పు ఆఫ్రికా పైకి జరిపారు. దాని సాయంతో 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం సాగింది. దానినే క్లుప్తంగా ‘సైట్’ అన్నారు. ఆరు రాష్ట్రాలలోని 20 జిల్లాలలో సుమారు 2,400 గ్రామాలు దీని పరిధిలోకి వచ్చాయి. అప్పటి మధ్యప్రదేశ్ నుండి రాయపూర్, దుర్గ్, బిలాస్‌పూర్ జిల్లాలనూ, ఆంధ్రప్రదేశ్ నుండి హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలనూ ఎంపిక చేశారు. ఉదయం బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం వంటి విషయాలు వచ్చేవి. ఇనుప వలతో అల్లిన గొడుగు వంటి యాంటెన్నా ఉపగ్రహ సంకేతాన్ని నేరుగా అందుకొనేది. ఊరంతటికీ ఒకటే టెలివిజన్ పెట్టె.

ఇక్కడొక విశేషాన్ని గమనించాలి. ఆకాశంలోని ఉపగ్రహం ఒక్కటే. అది మహబూబ్‌నగర్ పల్లెను తెలుగులో పలకరించింది, బిలాస్‌పూర్ పల్లెను హిందీలో పలకరించింది. ప్రసార భాషను నిర్ణయించింది జిల్లా సరిహద్దే గాని ఇంటి భాష కాదు. బిలాస్‌పూర్ ప్రాంతపు తెలుగువారు అదే ఉపగ్రహం నీడలో ఉన్నా, వారి జిల్లాకు కేటాయించినది హిందీయే. మరొక సంగతి. అదివరకు సినిమా హాలు, విద్యుత్తు, పత్రిక అన్నీ ముందు పట్టణానికి వచ్చి, తరువాతనే పల్లెకు చేరేవి. సైట్ ఆ వరుసను తిరగవేసి పల్లెతోనే మొదలుపెట్టింది.

అదే కాలంలో వెండితెర మీద కూడా ఈ రెండు ప్రాంతాలు కలిశాయి. సికింద్రాబాద్ తిరుమలగిరిలో 1934లో జన్మించిన శ్యామ్ బెనెగళ్ 1974లో ‘అంకుర్’ను వెలువరించారు. తెలంగాణ భూస్వామ్య జీవితమే దాని కథావస్తువు. చిత్రీకరణ హైదరాబాదు సమీపాన ఎల్లారెడ్డిగూడలో జరిగింది. ఆ చిత్రంలోని దక్కనీ పలుకుబడి గల సంభాషణలు రాసిన సత్యదేవ్ దూబే 1936లో బిలాస్‌పూర్‌లో పుట్టారు. ఆ మరుసటి ఏడాదే బెనెగళ్ ఛత్తీస్‌గఢ్ వచ్చి, రాయపూర్‌లో జన్మించిన హబీబ్ తన్వీర్ బృందంలోని జానపద నటులతో బాలల కోసం ‘చరణ్‌దాస్ చోర్’ తీశారు. స్మితా పాటిల్ అందులో రాణి పాత్ర ధరించారు. బిలాస్‌పూర్ రచయిత తెలంగాణకు మాట ఇచ్చాడు. తెలంగాణ గడ్డ మీద పుట్టిన దర్శకుడు ఛత్తీస్‌గఢ్ నాచా కళాకారులకు తెర ఇచ్చాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో భాష అడ్డుగోడ కాలేదు.

గడువు ముగియగానే ఉపగ్రహాన్ని వెనుకకు తీసుకొన్నారు. దాని స్థానంలో 1977లో రాయపూర్, హైదరాబాదు మొదలైన చోట్ల భూతల ప్రసార కేంద్రాలు వెలిశాయి. 1982లో జాతీయ కార్యక్రమాలూ, రంగుల ప్రసారాలూ ఆరంభమయ్యాయి. ఆ దశకంలో దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నాలలో ప్రాంతీయ భాషా చిత్రాలను ప్రదర్శించేది. మాతృభాషా ప్రాంతానికి దూరంగా ఉన్నవారికి తమ భాష జాతీయ తెర మీద వినిపించే అవకాశం అలా ఎప్పుడో ఒకసారి వచ్చేది. అందుకే ఆ తరానికి పాత టెలివిజన్ మీద ఉన్న మక్కువను కేవలం వినోదాసక్తిగా కొట్టిపారేయలేము.

ఇంతటి చరిత్రకు ఆధారాలు మాత్రం అందరికీ సమానంగా దక్కలేదు. 1964లో పుణెలో జాతీయ ఫిల్ము భాండాగారం ఏర్పడినా, 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి నేడు లభించదు. బెనెగళ్ 1976లో తీసిన ‘మంథన్’ను పునరుద్ధరించి 2024లో కాన్ ఉత్సవంలో ప్రదర్శించారు. గుజరాత్‌కు చెందిన 5 లక్షల మంది పాడి రైతులు తలా 2 రూపాయలు వేసుకొని తీయించిన చిత్రమది. పేరున్న సినిమాను కాపాడుకోవడానికి ఎవరో ఒకరు ముందుకు వస్తారు. పొలం పనుల మీదా, పసిబిడ్డల పోషణ మీదా తీసిన టెలివిజన్ కార్యక్రమానికి అటువంటి ఆదరణ దొరకదు. పైగా వీడియో టేపు చెరిపి మళ్ళీ వాడుకోదగిన వస్తువు. బ్రిటన్‌లో బీబీసీ వంటి సంస్థే 1960లనాటి ఎన్నో కార్యక్రమాలను ఆ విధంగా పోగొట్టుకొంది.

కనుక పాత తెరను ప్రేమించేవారు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంది. చిత్రాల జాబితాలతో పాటు వాటిని చూసినవారి జ్ఞాపకాలను కూడా సేకరించాలి. 1975లో బడిపిల్లలుగా ఆ పెట్టె ముందు కూర్చున్నవారు నేడు వృద్ధాప్యపు అంచున ఉన్నారు. బిలాస్‌పూర్ పల్లెలో హిందీలో విన్నవారి మాటా, మహబూబ్‌నగర్ పల్లెలో తెలుగులో విన్నవారి మాటా పక్కపక్కన నమోదు చేసినప్పుడే ఆ ఉపగ్రహపు ఏడాది చరిత్ర సంపూర్ణమవుతుంది. లాల్‌ఖదాన్ వంటి చోట రెండు భాషలూ తెలిసిన తెలుగువారు ఉండడం ఆ పనికి కలిసివచ్చే అదృష్టం.