వాన రాకడ, ప్రభువు రాకడ

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. రాయదుర్గం కొండకోట కింద ఏ రైతును కదిలించినా ఈ సామెతకు తన సేద్యం నుంచే సాక్ష్యం చెబుతాడు. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి సత్తువ కోల్పోతుంది. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపు. అదీ అదునుకు పడితేనే వేరుశనగ చేతికొస్తుంది. బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో హగరి ఏటి ఇసుకను గాలి పొలాల మీదికి తోస్తోంది. దర్గా హొన్నూరు దగ్గర సాగునేల పక్కనే ఇసుక దిబ్బలు కనిపిస్తాయి.

ఆ సామెతలోని ‘రాకడ’నే తెలుగు క్రైస్తవులు తమ విశ్వాసంలోని అతి పెద్ద మాటగా చేసుకున్నారు. మొదటి రాకడ బేత్లెహేములో జరిగింది. రెండో రాకడ ఇంకా జరగాలి. ఆ రెంటి నడుమ నిలబడి కాచుకునే కాలమే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు. కతోలికులు దాన్ని ఆగమన కాలం అంటారు. ప్రొటెస్టంటు సంఘాల్లో అడ్వెంటు అన్న మాటే ఎక్కువ వినిపిస్తుంది. మత్తయి సువార్త 24వ అధ్యాయంలో ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియవని యేసు శిష్యులకు చెప్పిన సంగతి ఉంది. వాన గురించి మన పెద్దలు చెప్పిందీ అదే తీరు.

ఈ ఆగమన కాలానికి ఒక చరిత్ర ఉంది. క్రీ.శ. 380లో స్పెయిన్‌లోని సరగోసా సభ, డిసెంబరు 17 నుంచి జనవరి 6 దాకా విశ్వాసులెవరూ గుడి మానకూడదని కట్టడి చేసింది. అయిదో శతాబ్దంలో ఫ్రాన్సులోని తూర్ నగర బిషప్పు పెర్పెతూస్ నవంబరు 11న వచ్చే మార్టిన్ పండుగ నుంచి క్రిస్మస్ వరకు వారానికి మూడు రోజుల ఉపవాసం పెట్టాడు. అంటే ఇది మొదట పండుగ సందడి కాదు, ఒక చిన్న తపస్సు. ఆరో శతాబ్దం చివర రోమాలో గ్రెగరీ పోపు కాలానికి ఆరాధన క్రమం స్థిరపడింది, పడమటి సంఘంలో నాలుగు ఆదివారాలు నిలిచాయి. పన్నెండో శతాబ్దంలో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు మూడు రాకడలు ఉన్నాయన్నాడు: పశువుల పాకలోకి, చివరి తీర్పుకు, ఈ రెంటి మధ్య ప్రతి రోజూ మనిషి గుండెలోకి. 1839లో హాంబర్గులో అనాథ పిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ విఖెర్న్, క్రిస్మస్ ఎప్పుడని పిల్లలు రోజూ అడుగుతుంటే పాత బండిచక్రం మీద కొవ్వొత్తులు నిలిపి రోజుకొకటి వెలిగించాడు. నేడు తెలుగు గుళ్లలోనూ కనిపించే అడ్వెంటు దండకు ఆ బండిచక్రమే మూలం.

అయితే రాయదుర్గం వైపు సువార్త తెచ్చినవారికి ఈ నాలుగు ఆదివారాలతో పెద్దగా పని లేదు. ఇక్కడి క్రైస్తవ చరిత్రలో ఇదొక విశేషం. రాయదుర్గం తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలోది. బళ్లారిలో 1810లో జాన్ హాండ్స్ లండన్ మిషనరీ సొసైటీ కేంద్రం పెట్టాడు. 1795లో పుట్టిన ఆ సొసైటీలో అధికులు కాంగ్రిగేషనల్ సంఘస్థులు, ప్యూరిటన్ల వారసులు. పండుగల పంచాంగం బైబిలులో లేదన్నది ప్యూరిటన్ల వాదన. 1647లో వారి పలుకుబడిలో ఉన్న ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్ పండుగనే రద్దు చేసింది. ఆ వారసత్వంలో పెరిగిన బోధకుడికి ప్రతి ఆదివారమూ సమానమే. కోస్తాలో సంగతి వేరు. 1842లో గుంటూరు చేరిన హయ్యరు లూథరన్, 1841లో బందరు వచ్చిన నోబుల్, ఫాక్స్ ఆంగ్లికన్లు. వారి సంఘాలకు అడ్వెంటు పుట్టుకతోనే వచ్చింది.

కాలెండరు రాకపోయినా ప్రవక్తలు వచ్చారు. అదీ ముందు కన్నడంలో. హాండ్స్, ఆయన సహచరుడు విలియం రీవ్ బళ్లారిలో చేసిన శ్రమతో 1831 నాటికి కన్నడ బైబిలు మొత్తం అచ్చయింది. తెలుగులో విశాఖపట్నం మిషనరీలు క్రాన్, దేగ్రాంజ్ మొదలుపెట్టిన పనిలో మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చుకెక్కాయి. కొత్త నిబంధన 1818లో వచ్చింది. యెషయా, మీకా, మలాకీ గ్రంథాలతో సహా పూర్తి బైబిలు వెలువడింది 1854లో. రెండు భాషలూ ఇంట్లో మాట్లాడుకునే రాయదుర్గం వాడికి యెషయా ప్రవచనం కన్నడంలో ఇరవై మూడేళ్లు ముందే అందుబాటులో ఉందన్నమాట.

ఆ అనువాదాల్లో జరిగిన ఒక మంచి పని గురించి తగినంత చెప్పుకోలేదు. గ్రీకు బైబిలులో ‘ఎల్పిస్’ అన్న మాటకు తెలుగువారు ‘ఆశ’ అని రాసి ఊరుకోలేదు. ఆశలో దురాశా ఉంది, పేరాశా ఉంది. వాళ్లు ‘నిరీక్షణ’ అన్నారు. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అన్న వరుసలో ఆ మాట తెలుగు క్రైస్తవుడి నోట స్థిరపడింది. నిరీక్షణ అంటే కళ్లు విప్పుకొని దారి చూడడం. తెలుగు బైబిలులో ఆశపడడమూ ఎదురుచూడడమూ ఒకే మాటలో ఒదిగిపోయాయి. అడ్వెంటు సారమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆషాఢం దాటినా విత్తు వేయలేక ఆకాశం వంక చూసే మనిషికి దాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

యెషయా 35వ అధ్యాయం ఎండిన నేల పూయడం గురించినది. హెబ్రీలో అక్కడ ఒక చిన్న దుంపజాతి పువ్వు పేరుంది. ఇంగ్లీషు వారు దాన్ని గులాబీ చేశారు, తెలుగువారు కస్తూరి పుష్పం అన్నారు. 40వ అధ్యాయం అరణ్యంలో దారి చదును చేయమంటుంది. క్రీ.పూ. 586లో యెరూషలేమును బబులోను కూల్చింది, జనం చెరపట్టి తీసుకుపోబడ్డారు. ఆ చెరలో ఉన్నవారికే ఈ ఓదార్పు అని పండితుల్లో చాలామంది అభిప్రాయం. ఊరు వదిలి దూరదేశంలో కూలికి పడి ఉన్నవారికి, ఇంటిదారి తెరుచుకుంటుందని చెప్పిన మాట అది. ఇక ఏలీయా కథ. మూడేళ్లు వాన లేదు, కర్మెలు కొండ మీద ప్రార్థన, ఏడోసారి చూసి రమ్మంటే సముద్రం మీద మనిషి అరచేయంత మబ్బు. ఈ సీమలో ఆ మబ్బు గురించి విన్న పిల్లవాడు మరచిపోడు.

ప్రవచనం వినడం ఈ నేలకు కొత్తేమీ కాదు. వాన కోసం భారతంలో విరాటపర్వం చదివించడం తెలుగు పల్లెల ఆనవాయితీ. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం చెప్పిన కాలజ్ఞానంలో వీరభోగ వసంతరాయలు రాబోతాడు. వీరశైవుల కన్నడ కాలజ్ఞానాల్లోనూ వసంతరాయడు వచ్చి పాడుబడ్డ కల్యాణ పట్టణాన్ని మళ్లీ నిలుపుతాడు. రాబోయే ధర్మప్రభువు కోసం కాచుకోవడం రాయదుర్గం చుట్టూ రెండు భాషల్లోనూ ముందే ఉంది. 1840 ప్రాంతంలో ధార్వాడ సీమలో కాలజ్ఞానులనే శాఖవారు, తమ తాటాకుల్లో ఉన్నది మీ బోధేనేమో అంటూ బాసెల్ మిషన్ వారిని కలిశారు. ఆ శాఖవారి కోసం మిషన్ మలసముద్రంలో భూమి తీసుకుంది. అనుకున్నట్టు జనం రాలేదు. ప్రవచనాలు రెండూ పక్కపక్కన నడిచినంత మాత్రాన ఒకటి కావు: కాలజ్ఞానం కాలం ఆనవాళ్లు చెబుతుంది, యెషయా దానితోపాటు పేదవాడికి జరగాల్సిన న్యాయం అడుగుతాడు. అయినా ఎదురుచూసే అలవాటు ఉన్నచోట ఎదురుచూపు గురించిన మాటకు చెవులు దొరికాయనడంలో సందేహం లేదు.

1876లో ధాత కరువు వచ్చింది. రెండేళ్లు సాగింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య బళ్లారి సీమలో దాదాపు ఐదో వంతు మనుషులు తగ్గిపోయారు. అప్పటికి అనంతపురం విడి జిల్లా కాదు; 1882లో అయింది. ఒంగోలులో బాప్తిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ పని గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. రాయలసీమలో లండన్ మిషన్ పని కూడా కరువు తర్వాతే గుత్తికి, అనంతపురానికి విస్తరించింది. సంఘాల్లో చేరినవారిలో ఎక్కువమంది మాలలు. ఊరి బావి దగ్గరికి రానీయని మనుషులు వాళ్లు. లోయలు ఎత్తవుతాయి, కొండలు దిగుతాయి అన్న ప్రవచనం వారికి నేల గురించిన మాటగా మాత్రమే వినిపించి ఉండదు.

ఇరవయ్యో శతాబ్దంలో రాకడ బోధ మరో వేడి అందుకుంది. 1938లో లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చి బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు రెండో రాకడకు సిద్ధపడడాన్నే బోధకు నడుమ పెట్టాడు. హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా బక్తసింగు నిలిపిన సంఘాలు, తర్వాత పల్లెపల్లెకూ వచ్చిన పెంతెకొస్తు మందిరాలు కూడా రాకడ దగ్గరపడిందనే బోధించాయి. బక్తసింగు సంఘాలకు, పెంతెకొస్తు మందిరాలకు నాలుగు ఆదివారాల కాలెండరు లేదు. మరోపక్క 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం పుట్టినప్పుడు లండన్ మిషన్ సంఘాలు ఆంగ్లికన్లతో, మెథడిస్టులతో ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఆ సంఘం పాఠపట్టికతో, 1963 నాటి ఆరాధన గ్రంథంతో అడ్వెంటు రాయలసీమ గుళ్లలోకి అడుగుపెట్టింది. బళ్లారిలో మిషన్ మొదలై అప్పటికి నూటయాభై ఏళ్లు దాటింది.

ఇప్పుడు డిసెంబరు ఎలా ఉంది? నెల మొదలవుతూనే సెమీ క్రిస్మస్‌లు. స్టేజీ, మైకు, కేకు, బిర్యానీ. రాత్రిళ్లు డప్పులతో, గిటారుతో ఇంటింటికీ క్యారల్స్. సెమీ క్రిస్మస్ అచ్చంగా మన దగ్గర పెరిగిన వేడుక. ఊళ్లో అన్ని మతాలవారినీ ఒకచోట కూర్చోబెట్టే మంచితనం దానిలో ఉంది. కానీ దాని కింద అడ్వెంటు నలిగిపోతోంది. పండుగ నెలంతా ముందే అయిపోతే కాచుకోవడానికి ఏమీ మిగలదు. యెషయా చోట క్రిస్మస్ నాటిక స్క్రిప్టు వచ్చి కూర్చుంటోంది. ఇది నష్టమే.

ఎందుకంటే ఈ సీమకు ప్రవక్తలతో పని తీరలేదు. డిసెంబరు నాటికి వేరుశనగ లెక్క తేలిపోతుంది. పండని ఏడు కుటుంబాలు ఇంటికి తాళం వేసి బెంగళూరు కట్టడాల పనికి పోతాయి. కొన్ని ఇళ్లలో ముసలివాళ్లు, బడి పిల్లలు మాత్రం మిగులుతారు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే మిషన్లు కొందరికి అన్నం పెడుతున్నాయి, అందరికీ కాదు. వేదవతి మీద కట్టిన భైరవానితిప్ప జలాశయం నిండడం ఊళ్లవాళ్లు ఏళ్లపాటు చెప్పుకునే విశేషం. 1969లో అనంతపురం చేరిన విన్సెంట్ ఫెర్రర్ మరుసటి ఏడు జెస్విట్ సభను విడిచి, 2009లో కన్నుమూసేదాకా ఈ జిల్లాలోనే బావులు, చెట్లు, ఇళ్లు, ఆస్పత్రుల పని చేశాడు. ఆయన సంస్థ చర్చి కాదు. అయినా అరణ్యంలో దారి చదును చేయడమంటే ఏమిటో ఇక్కడివాళ్లు కళ్లారా చూశారు.

సంఘ పెద్దలకు, కాపరులకు ఒక మనవి. సెమీ క్రిస్మస్ ఆపనక్కర్లేదు. నాలుగు ఆదివారాల్లో ఒక్క ఆదివారమైనా యెషయా 35, 40 అధ్యాయాలు మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చదివించండి. చదవడానికి వలసపోయినవాళ్ల ఇంటి పిల్లనో పిల్లవాడినో నిలబెట్టండి. ఆ తర్వాత క్యారల్స్‌కు బయలుదేరినప్పుడు తాళం వేసిన ఆ ఇళ్ల ముందు కూడా ఆగండి.