ఆమ్లవర్షం: అటవీ నేలలు, చెట్లు

బొగ్గు, పెట్రోలియం మండినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు ఆమ్లాలుగా మారి కలవడం వల్ల పి.హెచ్. విలువ 5.6 కంటే తగ్గిన వాన ఆమ్లవర్షం. రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1872 నాటి గ్రంథంలో దీన్ని చర్చించాడు. ఆమ్లవర్షం అటవీ నేలలోని కాల్షియం, మెగ్నీషియంలను కడిగేస్తుంది. ఆమ్లం వల్ల నేలలో కరిగిన అల్యూమినియం పీచువేళ్లను దెబ్బతీస్తుంది. చెట్టు సాధారణంగా వెంటనే చావదు. పోషకాలు అందక చలికి, చీడకు, కరువుకు లొంగుతుంది. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1999లో కాల్షియం సిలికేట్ చల్లాక షుగర్ మేపుల్ చెట్లు తేరుకున్నాయి.

నష్టం ప్రధానంగా నేలను బట్టి ఉంటుంది. తమిళనాడులో తెలుగు రైతులు తరతరాలుగా సేద్యం చేస్తున్న నాగలాపురం, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల నల్లరేగడిలోని సున్నం ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. పడమటి కనుమల తడి అడవుల్లోని ఆమ్ల నేలలకు ఆ రక్షణ తక్కువ.